బాలింత గదిలో నల్ల గోడ

నా మొదటి కాన్పు పుట్టింట్లో, నారాయణఖేడ్‌లో, వానాకాలం మధ్యలో జరిగింది. ఎనభైల నాటి మాట. మాది మట్టి మిద్దె. నన్నూ పసిదాన్నీ అర్రలో, అంటే లోపలి గదిలో పెట్టి, ఉన్న ఒక్క కిటికీనీ మూసి, సందుల్లో గోనెగుడ్డలు కుక్కింది అమ్మ. బాలింతకు చలిగాలి తగలకూడదన్నది మావాళ్ళందరి నమ్మకం. మంచం కింద నిప్పుల కుంపటి, గదంతా సాంబ్రాణి పొగ, గోడవారగా కందుల బస్తాలు, నా చెవులు మూసేలా తలకు కట్టిన గుడ్డ. నేను బిడ్డను కన్నానో, దొంగతనం చేసి దాక్కున్నానో నాకే అర్థం కాలేదు.

కొన్నాళ్ళకు గోడ మీద నల్లటి చుక్కలు లేచాయి. బూజు. అమ్మ తడిగుడ్డతో తుడిచింది. పొద్దుటికి మళ్ళీ వచ్చింది. "సున్నమేస్తె పోతది" అంటూ తడిగోడకే సున్నం పూసింది. నాలుగు రోజులు తెల్లగా కనిపించి అమ్మను మురిపించాక, ఆ నలుపు సున్నంలోంచి పైకి తేలింది. నా చీరలకూ, పసిదాని పొత్తిగుడ్డలకూ ముక్కిపోయిన వాసన.

అప్పటికే పిల్లకు దగ్గు పట్టుకుంది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి ఎగశ్వాస తీసేది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతుంటే చూడలేక నా ప్రాణం విలవిలలాడేది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు మందు రాసి, "పొగ, చెమ్మ, బూజు, ఇవేవీ పిల్ల దగ్గర ఉండొద్దు. గాలి ఆడనియ్యండి" అన్నాడు.

ఇంటికి రాగానే కిటికీ మీద చెయ్యి వేశాను.

"ఏంది గా పని? పచ్చి బాలింతవు. గాలి తాకితె ఇద్దరు పోతరు" అంది అమ్మ.

"డాక్టరే చెప్పిండు గదనే అమ్మా!"

"డాక్టర్ ఎన్నడన్న బాలింత అయిండా?"

నాకు ఒళ్ళు మండింది. నేను తెరవడం, ఆమె మూయడం. ఆ రోజు ఇంట్లో పిల్ల ఏడుపుకన్నా మా అరుపులే ఎక్కువ.

చివరికి అన్నను పిలిచి బస్తాలు జరపమన్నాను. వాటి వెనక గోడ నేల నుంచి నడుమెత్తు దాకా నల్లగా, మెత్తగా బూజు పట్టి ఉంది. మిద్దె మీది వాననీళ్ళు పోయే గొట్టం పగిలి, నీళ్ళన్నీ బయటి నుంచి ఆ గోడలోకే ఇంకుతున్నాయి. పసిదాని తల ఉండేది సరిగ్గా ఆ బస్తాల పక్కనే. అమ్మే పసిదాన్ని ఎత్తుకొని ముందు గదిలోకి నడిచింది.

అన్న గొట్టం మార్చాడు. బూజు పట్టిన మట్టిపూతంతా గీకి బయట పారబోశాం. బస్తాలను చెక్కల మీదికెక్కించి గోడకు దూరంగా పెట్టాం. గోడ పూర్తిగా ఆరాకే, బూజును చంపే మైలుతుత్తం కలిపిన సున్నం వేశాం. కుంపటి బయటికి పోయింది, కిటికీ తెరిచే ఉంచాం. మందు పనిచేసిందో, గాలే పనిచేసిందో, ఒకనాడు పిల్ల మధ్యలో ఆగకుండా కడుపునిండా పాలు తాగి నిద్రపోయింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

అమ్మ మాత్రం ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. అన్న తర్వాత, నాకన్నా ముందు ఆమెకు ఇంకో కొడుకు పుట్టి, నెల తిరగకుండానే పోయాడని నాకు తెలుసు. ఎట్లా పోయాడని మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

"వాడు గూడ గీ అర్రలనే ఉండె బిడ్డా, వానకాలమే. గిట్లనే దగ్గిండు. గాలి తాకిందని నేనింకింత గట్టిగ మూసిన" అంది.