‘పని చేసినవారు’ అనే గడి

బళ్ళు బాగుచేసే షెడ్డుకి జాబ్ కార్డుల కొత్త పుస్తకం వచ్చిందంటే మరదలు, అంటే తమ్ముడి భార్య, ముందుగా చేసే పని, వంద కార్డులకూ ఒకే ఊపులో ముద్ర కొట్టెయ్యడం. కార్డులో బండి నంబరు, యజమాని చెప్పిన బాధ, కనిపెట్టిన లోపం, వేసిన సామాను, ఇలా ఒకదాని కింద ఒకటి గళ్ళుంటాయి. అట్టడుగున ‘పని చేసినవారు’ అని ఇంకో గడి. ఆ గడిలో తమ్ముడి పేరున్న రబ్బరు ముద్ర పడుతుంది. ఇంకా పాడవని బళ్ళనీ, ఇంకా పుట్టని రోగాలనీ తమ్ముడు ముందే బాగుచేసేసినట్టన్నమాట. సిరా తడికి కార్డులు ఒకదానికొకటి అంటుకోకుండా పక్కన నిలబడి అట్టముక్కతో విసిరేది అక్క. ఆ బళ్ళలో సగానికి పైగా నిజంగా బాగుచేసేదీ అక్కే. ఇరవై రెండేళ్ళుగా విసురుతూనే ఉంది. పల్లెత్తు మాట అనలేదు.

షెడ్డులో అందరికీ ఆమె అక్కే. యాభై దాటింది. భర్త దర్జీ. ఆమె పని కోటుకి ఎనిమిది జేబులు పెట్టి కుట్టిచ్చాడు. ఏ జేబులో ఏ స్పానరుందో ఆమె చెయ్యి చూడకుండానే చెబుతుంది. షెడ్డు తండ్రి పెట్టింది. బానెట్ కింద టార్చిలైటు పట్టుకోమని ఆయన పిలిచిన రోజున మొదలైన చదువు, కార్బురేటర్లు విప్పడం దాకా వచ్చింది. కార్బురేటర్లు పోయి, పెట్రోలు కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాక, ఆ పాఠం ఆయనకే ఆమె చెప్పాల్సి వచ్చింది.

తండ్రికి ఒక పట్టుదల ఉండేది. బండి ఇచ్చినవాళ్ళతో షెడ్డు తరఫున ఒకే నోరు మాట్లాడాలి. నలుగురూ నాలుగు మాటలు చెబితే నమ్మకం పోతుందనేవాడు. ఆ నోరు ఆయనది. ఆయన పోయాక తమ్ముడిదయింది. తమ్ముడు చెడ్డవాడేమీ కాదు. అక్కంటే ప్రాణం. మొదట్లో ఒకసారి, ఈ బండి మా అక్క చూస్తుందండీ అని ఒక పెద్దమనిషికి గర్వంగా చెప్పాడు కూడా. ఆ పెద్దమనిషి తాళాలు లాక్కుని బండిని నెట్టించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అక్కే అంది, నా పేరెందుకులేరా, బండి బాగవ్వాలి గాని, అని. ఒక్కసారి అన్న ఆ మాట ఇరవై రెండేళ్ళు అరగకుండా పనిచేసింది. ఏ ఇంజన్లోనూ అంత మన్నికైన భాగం లేదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ దోచుకున్న మనిషి ఎవరూ లేరు. అలవాటు దోచుకుంది. అలవాటు మీద ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో మాత్రం ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

ఈ ఏడు మెకానిక్కుల సంఘం కొత్త నిబంధన తెచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఇంజెక్షన్ బళ్ళ పని చెయ్యాలన్నా, సంఘం ఇచ్చే శిక్షణలో కూర్చోవాలన్నా సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ కావాలంటే గత రెండేళ్ళలో తన పేరుతో ఉన్న జాబ్ కార్డులు యాభై చూపించాలి. అక్క సంఘం ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. యాభై లేకపోతే లేకపోయె, ఒక్కటన్నా ఉందా అమ్మా అని అడిగాడు. ఆమె దగ్గర ఒక్కటీ లేదు. గడువు ఇంకా పన్నెండు రోజులు. అది దాటితే, ఆమె చేతికున్న విద్య కాగితాల మీద లేనట్టే. తన షెడ్డులోనే తను దొంగచాటుగా బానెట్ ఎత్తాల్సి వస్తుంది.

ఇంటికొచ్చి భర్తకొక్కడికే చెప్పింది. ఆయన కుట్టుమిషను ఆపి, నేను కుట్టిన చొక్కాకి కాలరు వెనక నా పేరు పట్టీ ఉంటుంది కదా, నీకేదీ అన్నాడు.

ఆ వారంలోనే నర్సమ్మ కారు మళ్ళీ వచ్చింది, తాడు కట్టించుకుని.

నర్సమ్మ ఆసుపత్రి నుంచి రిటైరయినా ఇళ్ళకెళ్ళి మంచం పట్టినవాళ్ళకు కట్లు మారుస్తుంది. కారుకి ఇరవై మూడేళ్ళు. ఆరు వారాల కిందట ఇదే కారు, స్టార్ట్ కావడం లేదని ఇదే షెడ్డుకి వచ్చింది. అప్పుడు అక్క ప్లగ్గులు విప్పి చూసి తమ్ముడితో చెప్పింది, తడిగా ఉన్నాయిరా, పెట్రోలు ఎక్కువైపోతోంది, ఎక్కణ్ణించి దిగుతోందో చూడాలి అని. తమ్ముడు ఫోను చెవిన పెట్టుకునే, బళ్ళ యజమానులు కూర్చునే ముందుగదిలోకి నడిచాడు. ముప్పై అడుగుల దూరం. ఆ ముప్పై అడుగుల్లో మాటకి కాళ్ళు విరిగాయి. నర్సమ్మ చెవికి చేరింది మాత్రం, పెట్రోలు సమస్యమ్మా, పంపు మార్చాలి అని. మర్నాడు కొత్త పంపు డబ్బా విప్పడం అక్క చూసింది. వాడేదో పరీక్ష చేసే ఉంటాడులే అనుకుంది. అనుకోవడం తేలిక, ముందుగదికి వెళ్ళి చెప్పడం కష్టం. ప్లగ్గులు శుభ్రం చేశారు కాబట్టి బండి కొన్నాళ్ళు నడిచింది. ఆ తర్వాత రోగం రోగంలానే ఉంది.

ఈసారి నర్సమ్మ ముందుగదిలో కూర్చోలేదు. గొడుగు చంకలో పెట్టుకుని తిన్నగా లోపలికి వచ్చి కారు పక్కన నిలబడింది. నిన్న నడిరోడ్డులో ఆగిపోయిందట. కాలిపుండున్న ఒక ముసలాయన పొద్దుటి కట్టు మధ్యాహ్నం దాకా మారలేదట. రెండు మైళ్ళు నడిచి వెళ్ళేసరికి ఆయన నొప్పికి ఏడుస్తున్నాడట. ఇదంతా ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. అక్క చేతిలో స్పానరు ఆగిపోయింది. తన పేరు కార్డు మీద లేకపోవడం తన సొంత సంగతని ఇన్నాళ్ళూ అనుకుంది. తన మౌనం వీధులు దాటుకుని, ఎవరో ముసలాయన కాలి దాకా వెళ్ళిందని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

బండి కంప్యూటరుకి తగిలిస్తే లోపం చదివి చెప్పే కొత్త స్కానరు తమ్ముడు తెచ్చాడు. కారులో దాని కొనకి సరిపడే సాకెట్టే దొరకలేదు.

“దీని వయసు బళ్ళు స్కానర్లతో మాట్లాడవురా. మనమే మాట్లాడించుకోవాలి,” అంది అక్క.

అని నర్సమ్మ వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ళలో బండి యజమానిని ఆమె నేరుగా ప్రశ్న అడగడం అదే మొదలు. పొద్దున్నే ఎలా ఉంటుంది, నడిపి ఆపాక ఎంతసేపటికి మొరాయిస్తుంది, పొగ ఏ రంగు, పెట్రోలు మామూలు కంటే ఎక్కువ తాగుతోందా అని వరసగా అడిగింది. పొద్దున ఎలాగో అందుకుంటుందనీ, వేడి మీద ఆపి పది నిమిషాలు గడిస్తే ఇక లేవదనీ, పొగ నల్లగా వస్తుందనీ నర్సమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూ, నేనూ రోగుల్ని ఇలాగే అడుగుతాను అని నవ్వింది.

అక్క తాళం ఒక్క గీత తిప్పించి, పంపు ఉండే వెనక సీటు దగ్గర చెవి పెట్టింది. పంపు రెండు క్షణాలు గుయ్యిమని ఆగింది. పంపు బతికే ఉంది. ప్లగ్గు విప్పి లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నిప్పురవ్వ నీలంగా వచ్చింది. నిప్పూ ఉంది. ప్లగ్గు కొన మాత్రం నల్లగా, పెట్రోల్లో నానినట్టుంది. నాలుగూ అలాగే ఉన్నాయి. తుడిచి బిగించి, యాక్సిలరేటరు నేలకి ఆనేదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టమని తమ్ముడికి చెప్పింది.

తమ్ముడికి మింగుడుపడలేదు. ఎక్కువై చస్తోందంటున్నావు, ఇంకా తొక్కమంటావేంటి, మునిగినోడి నెత్తిన బిందెడు నీళ్ళు గుమ్మరించినట్టు, అన్నాడు. కార్బురేటరు బండిలో మళ్ళీ మళ్ళీ తొక్కితే వాడన్నది నిజమే. ఇలాంటి ఇంజెక్షన్ బళ్ళలో, కాలు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుంది. గాలి ఒక్కటే లోపలికి వెళ్ళి, నిలవున్న పెట్రోలుని బయటికి తోస్తుంది. అక్క ఈ మాటని తమ్ముడితో అనకుండా నర్సమ్మకే వివరించింది. తమ్ముడు కాలు తొక్కాడు. ఇంజను దగ్గింది, తుమ్మింది, షెడ్డు నిండా నల్లటి పొగ కక్కి, అందుకుంది.

అంటే పెట్రోలు రాకపోవడం రోగం కాదు, అడగని చోటికి దిగడం రోగం. అక్క బండి ఆపించింది. ఇంజెక్టర్లున్న గొట్టం చివర చిన్న ఉక్కు గిన్నెలాంటిది ఉంటుంది. లోపల రబ్బరు పొర. పెట్రోలు ఒత్తిడి హద్దు దాటకుండా చూసే కాపలాదారు అది. దాని నెత్తి నుంచి వేలంత సన్నని గొట్టం ఇంజనులోకి వెళ్తుంది. ఆ గొట్టంలో గాలి లాగుడు తప్ప చుక్క తడి ఉండకూడదు. అక్క ఆ గొట్టం కొన ఊడదీసి వేలు ఆనించింది. వేలు తడిసింది. వాసన చూసి, నర్సమ్మ ముక్కు దగ్గరా పెట్టింది. పెట్రోలు.

లోపలి పొర చిరిగి, పెట్రోలు ఈ దొడ్డిదారిన ఇంజనులోకి కారుతోంది. ఆ పరీక్షకి పట్టింది అర నిమిషం.

నర్సమ్మ ఆ గొట్టాన్ని చూసింది. అయితే అప్పట్లో తీసేసిన పాత పంపు బాగానే ఉందా అని అడిగింది. ఎవరిని అడిగిందో తెలియనట్టు తమ్ముడు చేతిలో గుడ్డని మడతలు పెట్టడం మొదలెట్టాడు. షెడ్డు అలవాటు ప్రకారం జవాబు చెప్పాల్సిన నోరు వాడిదే.

“బాగానే ఉందమ్మా,” అంది అక్క. “నేను చెప్పిన మాట మీ దాకా సగమే వచ్చింది. మిగతా సగం వచ్చి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అందులో నా తప్పూ ఉంది.”

తమ్ముడు తలెత్తలేదు గాని, కొత్త సామాను తానే వెళ్ళి పట్టుకొచ్చాడు. బిగించాక తాళం తిప్పగానే బండి అందుకుంది. అందరూ బయటే పదిహేను నిమిషాలు ఆగి వేడి మీద మళ్ళీ కొట్టారు. మళ్ళీ అందుకుంది. పంపు డబ్బు వెనక్కిస్తానన్నాడు తమ్ముడు. నర్సమ్మ సరేనంది, మొహమాటపడలేదు.

సంతకానికి మరదలు జాబ్ కార్డు తెచ్చింది. నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుని పై నుంచి కింది దాకా చదివింది. చివరి గడి దగ్గర ఆగి, ఈ ముద్ర ఎవరిదని అడిగింది. మా ఆయనదండీ అని మరదలు గర్వంగానే చెప్పింది. నర్సమ్మ కలం మూత పెట్టేసింది.

“నేను కట్టిన కట్టుకి కాగితం మీద ఇంకొకరి పేరు రాస్తే, రేపు ఆ పుండు తిరగబెడితే ఎవరిని పిలుస్తారమ్మా? చేసినవాళ్ళ పేరు రాయండి, సంతకం పెడతాను.”

మరదలు, అందరివీ ఇలాగే ఉంటాయండీ, ముద్ర ముందే పడిపోతుంది అంది. పడితే కొట్టెయ్యండి అంది నర్సమ్మ. తమ్ముడు తలెత్తి అక్క మొహం చూశాడు.

“నువ్వే కదక్కా, వద్దన్నావు.”

“అవున్రా, అన్నాను. భయపడి అన్నాను. ఇప్పుడు రాయమంటున్నాను.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే తమ్ముడికి దాని బరువు తెలిసింది. కార్డు అందుకుని తన పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన రాయడానికి కలం ఆనించి ఆగిపోయాడు. పుట్టినప్పటి నుంచీ అక్కా అని పిలవడమే తప్ప, ఆమె పేరు ఎప్పుడూ రాసి ఎరగడు. ఇంటిపేరు మనదేనా, బావదా అని అడిగాడు.

“మనదే రాయి. పని ఇక్కడే కదా నేర్చుకుంది.”

తమ్ముడు రాశాడు. నర్సమ్మ సంతకం పెట్టి, తాళాలు తీసుకుని, ముసలాయన కట్టుకి టైమయిందంటూ వెళ్ళిపోయింది. మరదలు ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, వదినా, మిగిలిన కార్డులకి ముద్ర కొట్టడం ఆపేశాను, ఎవరు చేస్తే వాళ్ళ పేరు అప్పటికప్పుడు రాద్దాం, అంది.

కథ ఇక్కడ సుఖాంతమైందనుకుంటే పొరపాటు. అక్క పేరు చూసి ఇద్దరు తమ బళ్ళు వెనక్కి తీసుకెళ్ళారు. గడువు నాటికి ఆమె చేతిలో ఉన్న కార్డులు ఎనిమిది. సంఘం గుమాస్తా వాటిని మర్యాదగా లెక్కపెట్టి మర్యాదగానే తిరిగిచ్చాడు, యాభై అంటే యాభయ్యేనమ్మా అని. రెండేళ్ళలో ఆమె చేసిన మిగతా పనంతా వేరొకరి ముద్ర కింద పడి ఉంది. జనవరి ఒకటి నుంచి ఆమె ఇంజెక్షన్ బండి ముట్టుకుంటే నిబంధన ఉల్లంఘించినట్టు. నిబంధన రాసినవాళ్ళు విద్యకి రుజువు అడిగారు, మంచిదే. ఆ రుజువు రాసే కలం ఎవరి చేతుల్లో ఉంటుందో మాత్రం ఆలోచించలేదు.

ఇలాంటి షెడ్లూ, వర్క్‌షాపులూ, వంటగదులూ, కుట్టుగదులూ మీకు తెలిసినవే ఉంటాయి. అందుకే ఒక చిన్న పని అడుగుతున్నాం. ఈసారి బండి గానీ, ఫ్యాను గానీ, మరేదైనా గానీ బాగుచేయించుకున్నప్పుడు ముందుగదిలో కూర్చోకండి. లోపలికి వెళ్ళి ఎవరు చేశారో చూడండి. కాగితం మీద ఆ పేరు లేకపోతే రాయించండి, రాసేదాకా సంతకం పెట్టకండి. ఇంతకుముందు చేయించుకున్న పని ఎవరు చేశారో మీకు తెలిసి ఉంటే, ఫలానా తేదీన ఫలానా మనిషి చేశారని ఒక ఉత్తరం రాసి వాళ్ళ చేతికివ్వండి. అలాంటి ఉత్తరాలను జాబ్ కార్డులతో సమానంగా లెక్కలోకి తీసుకోవాలని మీ ఊరి సంఘాన్ని అడగండి. ఆరు వారాల కిందట ప్లగ్గులు చూసిన పనికి నర్సమ్మ తన ఉత్తరం నిన్ననే ఇచ్చింది. దాన్ని లెక్కలోకి తీసుకున్నా అక్కకి ఇంకా నలభై ఒకటి కావాలి.