తూకం రోజు పస్తు

పేరు: వీధిలో అందరూ పిలిచేది గుండీలక్క. వయస్సు: ముప్పై నాలుగు. ఇరుగుపొరుగుకు పరిచయం: పెళ్లయి ఈ వీధి చివరి గదిలో కాపురం పెట్టిన నాటి నుంచి, అనగా పదిహేనేళ్లుగా.

దర్జీ దుకాణం వెనుక, కిటికీ లేని గదిలో చొక్కాలకు గుండీలు కుట్టడం ఆమె జీవనాధారం. భర్త గతించాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె తలనిండా తెల్లదారం ముక్కలు అంటుకుని ఉండేవి. ముసలితనం కోసం ఎదురుచూడక్కర్లేదని, దుకాణంవాళ్లే ముందుగా ఇచ్చి పంపారని నవ్వేది.

పెద్దపిల్ల బడి మానేసి, తల్లి పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించేది. మూడేళ్ల చిన్నవాడు చీపురుపుల్లలా ఉండేవాడు. అటువంటి సమయంలో పిల్లల భృతి మంజూరైంది. పెద్దది క్రమం తప్పక బడికి పోవాలి, చిన్నవాణ్ణి నెలనెలా ఆరోగ్య కేంద్రంలో తూకానికి తీసుకురావాలి. షరతులు అంతవరకే. అయితే పిల్లను బడికి పంపు, వాణ్ణి తూకానికి తే అనడమే తప్ప, డబ్బు దేనికి ఆగుతుందో ఆమెకు విడమరచి చెప్పినవారు లేరు. వేలిముద్ర వేయించుకుని పంపేశారు.

పిల్ల బడిలో చేరింది. ఇంట్లోకి పాలూ గుడ్లూ వచ్చాయి. చిన్నవాడి బుగ్గలు పూడాయి. గుండీలక్క ప్రాణం లేచి వచ్చినట్లయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కగది చీపుర్లమ్మ కూతురికి భృతి ఆగిపోయింది. ఆ పిల్లకు వయసు మీరింది, అంతే. కానీ పిల్ల కాస్త ఒళ్లు చేసిన నెలలోనే డబ్బు ఆగడంతో చీపుర్లమ్మకు మరో కారణం తోచింది.

"వాళ్లకు మాత్రం కళ్లు లేవా వదినా? పిల్ల నిగనిగలాడుతుంటే ఇంకెందుకిస్తారు? మీవాడి బుగ్గలు చూసుకున్నావా? నీదీ ఎన్నాళ్లో ఉండదులే."

గుండీలక్క గుండెల్లో రాయి పడింది. భృతి ఆగితే పెద్దది మళ్లీ సూది పట్టాలి. ఆ నెల తూకం నాడు వాడికి పొద్దున ఏమీ పెట్టలేదు. మరుసటి నెల, తూకానికి ముందు రోజుల్లోనూ సగం కడుపే నింపింది. రానురాను పాలల్లో నీళ్లు ఎక్కువయ్యాయి, పళ్లెంలో ముద్దలు తగ్గాయి. వాడు ఆకలని ఏడిస్తే ఆమె కూడా ముద్ద ముట్టేది కాదు. బడిలో పెట్టిన భోజనాన్ని అక్క డబ్బాలో దాచి తెచ్చి తమ్ముడికి తినిపిస్తుంటే, ఒకనాడు తల్లి ఆ డబ్బా లాక్కుంది.

"నీ చదువు కోసమే కదే ఇదంతా."

"అయితే నాకొద్దమ్మా చదువు" అంది పిల్ల. తల్లి విననట్టే డబ్బా కడగడానికి పోయింది.

తూకంలో వాడు తగ్గినప్పుడల్లా నర్సమ్మ కేకలేసేది. గుండీలక్క తల వంచుకుని, లోలోపల ఊపిరి పీల్చుకునేది.

చలి మొదలవగానే వాడికి జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. ఎత్తుకుని పరుగున పోతే, వస్తున్న డబ్బంతా ఏం చేస్తున్నావని నర్సమ్మ నిలదీసింది.

"తిండి ఉందమ్మా. వీడు లావైతే డబ్బు ఆపేస్తారని..."

నర్సమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "బరువుకీ డబ్బుకీ సంబంధం లేదు తల్లీ. తీసుకొస్తే చాలు." దూది పక్కన పెట్టి, "నేనూ ఎప్పుడూ చెప్పలేదు కదూ" అంది.

"తీసుకొస్తే చాలా?" అంది గుండీలక్క.

పెద్దాసుపత్రిలో వాడు నెల దాటి ఉన్నాడు. తల్లి వాడి మంచం పక్క నుంచి కదలలేదు. ఇల్లూ ఆసుపత్రీ చూసుకుంటూ పిల్ల బడికి పోలేదు. తూకమూ తప్పింది. దానితో భృతి నిజంగానే ఆగిపోయింది.

వాడు బతికాడు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి కూలబడతాడు. ఎంత మంచిది పెట్టినా రెండు ముద్దలకే మొహం తిప్పుకుంటాడు. "తిను నాన్నా, ఎవరూ ఏమీ అనరు" అని తల్లి బతిమాలుతూనే ఉంటుంది. పెద్దది దుకాణం వెనుక గదిలో సూదుల్లో దారం ఎక్కిస్తున్నది.

ఆమె బిడ్డను పస్తు ఉంచిన మాట వాస్తవం. దానిని దాచడం లేదు. కావున, ఆసుపత్రిలో గడిచిన కాలాన్ని గైర్హాజరుగా పరిగణించక భృతిని పునరుద్ధరించవలసినదిగాను, బాలికను తిరిగి బడిలో చేర్చుకొనవలసినదిగాను ఆమె పక్షాన, పొరుగువారిగా, అధికారులను సవినయంగా కోరడమైనది. భృతి దేనికి ఆగుతుందో, దేనికి ఆగదో తూకం వద్దనే తల్లులకు నోటితో చెప్పించవలసినదిగా కూడా మనవి.