తేలిక తూటా

లీడ్స్‌లో ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే నాకు రైఫిల్ ఎందుకని అడగని తెలుగువాడు లేడు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. జింక మాంసం ఇష్టం, అంతే. పోలీసులు ఇంటికొచ్చి, తుపాకీ పెట్టే ఇనప బీరువా చూసి, లైసెన్సు ఇచ్చిన రోజు మా ఆవిడ "ఏ నక్క తోక తొక్కొచ్చారో, ఒక్కసారికే ఇచ్చేశారు" అని ఎగతాళి చేసింది. నిజంగానే ఒక నక్క నా గురిలోకి వస్తుందని ఇద్దరమూ అనుకోలేదు.

ఊరికి గంట దూరంలో ఒక గొర్రెల రైతు తన పొలంలో నన్ను జింకల్ని కొట్టుకోనిస్తాడు. మా అమ్మాయికి పదహారేళ్ళు. ఇక్కడే పుట్టింది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. వసంతం వస్తే, తల్లి లేని గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టడానికి శనివారాలు నాతో ఆ పొలానికి వస్తుంది. ఇంట్లో గది తలుపేసుకుని కూర్చునే పిల్ల ఆ గంట ప్రయాణంలో మాత్రం గలగలా మాట్లాడుతుంది. నాకు వేట కన్నా ఆ గంటే ముఖ్యం. ఈ ముక్క మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఈ ఏడు ఒక నక్క ఆ గొర్రెపిల్లలకు మరిగింది. కొట్టిపెట్టమని రైతు నన్ను అడిగాడు. లైసెన్సులో జింకతో పాటు నక్క కూడా ఉంది కాబట్టి సరేనన్నాను. పొలంలోంచి కారు బయటికి తీస్తూ అమ్మాయికి చెబితే, కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ అంది.

"ఓకే నాన్నా. బట్ ఇఫ్ ఇట్ సఫర్స్, ఐ యామ్ నాట్ కమింగ్ హియర్ ఎగైన్."

బెదిరింపు కాదది. తన మాట తను చెప్పింది. నాకు మాత్రం ఆ గంట ప్రయాణమే గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పోపు వేస్తూనే పరిష్కారం చెప్పేసింది. "మీ తూటాలు జింకకి కదండీ. నక్కెంత, దాని ప్రాణమెంత! అందులోనే తేలికవి ఉండవా? తేలికవి వేస్తే దానికీ తేలిగ్గా పోతుంది కదా."

నాకూ సబబుగానే తోచింది. పిల్లలకు మాత్ర సగం విరిచి ఇచ్చినట్టే అనుకున్నాను. అదే రైఫిల్‌కు సరిపడే తేలిక తూటాల పెట్టె కొన్నాను. బరువు గ్రెయిన్లలో, అంటే గింజల లెక్కన, రాసి ఉంటుంది. గింజలతో తూకమంటే నాకు కంసాలి గురిగింజలే గుర్తొస్తాయి. జింక తూటాతో పోలిస్తే ఇది దాదాపు సగం.

శనివారం పొలంలో, తేడా చూద్దామని మట్టిదిబ్బ ముందు రెండు ఖాళీ పాల డబ్బాలు నీళ్ళతో నింపి పెట్టాను. అమ్మాయి నా వెనక నిలబడింది. ముందు బరువు తూటా పేల్చాను. డబ్బాకు ఇటొక చిల్లు, అటొక చిల్లు. నీళ్ళు రెండు వైపులా సన్నగా కారాయి. తర్వాత తేలికది. డబ్బా పేలిపోయింది. పేలికలైన ప్లాస్టిక్‌ను అమ్మాయి వెళ్ళి ఏరుకొచ్చింది.

"దిస్ ఈజ్ ద తేలిక వన్?"

పెట్టె మీది రాత అప్పుడు పూర్తిగా చదివాను. తెలుగులో తేలిక అంటే బరువు లేనిది, కష్టం లేనిది కూడా. ఆ రెండూ ఒకటేనని నేనూ మా ఆవిడా నమ్మేశాం. తూటాకు ఆ సంగతి తెలియదు. బరువు తగ్గితే అది ఇంకా వేగంగా పోతుంది, తగలగానే విచ్చుకుని తన బలమంతా అక్కడే ఖర్చు పెడుతుంది. నక్క బక్కది. జింక తూటా దాన్లోంచి విచ్చుకోకుండానే దూసుకుపోవచ్చు. చిల్లు పడ్డ డబ్బాలా అది రక్తం కారుతూ పరిగెత్తి, ఏ బొరియలోనో గంటల తరబడి కొట్టుకుని చావచ్చు. తేలికదైతే ఉన్నచోటే ప్రాణం పోతుంది.

ఇదంతా చెప్పాను. అమ్మాయి రెండు డబ్బాలనూ మార్చి మార్చి చూసింది. తేలిక తూటా నేను గురిపెట్టిన చోటికి కాస్త ఎగువన తగులుతోంది. కాగితం మీద పేల్చి, గురి చూసే స్కోపు సరిచేసుకున్నాను. తిరుగు ప్రయాణంలో తను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మరుసటి శనివారం తెల్లవారుతుండగా నక్క గట్టు దిగి వచ్చింది. తూటా ఆగడానికి వెనక మట్టి ఏటవాలు ఉంది, అడ్డం ఏమీ లేదు. అందమైన జంతువు. కొట్టబుద్ధి కాలేదు, కొట్టాను. నిలబడ్డచోటే కూలింది. చెవి కూడా కదల్లేదు. దగ్గరికెళ్ళి, నిజంగానే పోయిందని తెలిసేదాకా అక్కడే నిలబడ్డాను.

అమ్మాయి గొర్రెల కొట్టం గుమ్మంలో ఉంది, చేతిలో పాలసీసా.

"తేలిగ్గా పోయిందా నాన్నా?" అంది. తెలుగులో.

"పోయిందమ్మా."

"మరి నీకు తేలిగ్గా ఉందా?"

"లేదమ్మా," అన్నాను.

సీసా నాకిచ్చి, ఒక గొర్రెపిల్లను నా ముందుకు తోసింది.