మగపిల్లవాడికి ఆ సూది

మా తమ్ముడు బీడీ ముట్టినవాడు కాదు, వక్కాకు కూడా వేసేవాడు కాదు. అయినా నలభై దాటగానే గొంతులో, నాలుక మొదట్లో, క్యాన్సర్ వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. తిరుపతిలో రేడియేషన్ ఇస్తున్న రోజుల్లో అక్కడి డాక్టరమ్మను కారణం అడిగాను. హెచ్‌పీవీ అనే వైరస్ అయ్యుండొచ్చని, ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ తెచ్చేదీ అదేనని, చిన్న వయసులో టీకా వేయిస్తే చాలావరకు ఆపవచ్చని చెప్పింది.

చిత్తూరు బస్సులో పూతలపట్టు వచ్చేదాకా తమ్ముడు నా భుజం మీద నిద్రపోయాడు. నాకు కుదురు లేదు. ఇంట్లో నాకొక కూతురు, ఒక కొడుకు.

మరుసటి రోజే ఇద్దరినీ పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పాపకు వెంటనే టీకా వేశాడు. బాబుకు కూడా వేయమంటే నవ్వాడు.

"వానికెందుకమ్మా? వానికేమన్నా గర్భసంచి ఉండాదా?"

"గొంతు ఉండాది కదా సార్!"

నేనంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. తమ్ముడి సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మొగపిల్లోళ్లకూ వేయొచ్చని నాకు తెలుసమ్మా. ఎట్ల చెప్పేది? ఆ వైరస్ యాడినుంచి వస్తాదని అడుగుతారు. ఆడామొగా కలిస్తే అంటుకుంటాదని చెప్తే, మావోడట్లాంటోడా అని నా మీదికి వస్తారు. అందుకే ఆడపిల్లోళ్ల అమ్మలకు మాత్రం చెప్పి ఊరుకుంటా."

"నేను రాను సార్ మీ మీదికి. వేయండి."

మగపిల్లలకు వేసే రకం టీకా తెప్పించాలన్నాడు. మనసు మార్చుకుంటాడేమోనని ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. చివరికి రమ్మన్నాడు.

"ఇది దేనికి మా?" అన్నాడు కొడుకు, చొక్కా చెయ్యి మడుచుకుంటూ.

"మీ మామకొచ్చిన జబ్బు నీకు రాకుండా."

డాక్టరు సూది వేశాడు.

బయట చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆయన మాట వినిపించింది. మా తర్వాత కొడుకునూ కూతురినీ తీసుకుని లోపలికి వెళ్లిన ఒక తల్లికి పాప టీకా గురించి వివరంగా చెబుతున్నాడు. బాబు గురించి ఒక్క మాట లేదు. వెళ్లిపోదామనుకున్నాను. కానీ గుమ్మం దగ్గరే ఆగాను. ఆమె బయటికి రాగానే ఎదురెళ్లాను.

"ఒక్క నిమిషం నిలబడతావా అమ్మా? మీ పిల్లోని గురించి ఒక మాట చెప్పల్ల."