మందిచ్చే మామకు బదిలీ అయింది

మొన్న పింఛను పని మీద పాలమూరులో మా ఇంటి దగ్గరి పోస్టాఫీసుకు వెళ్లి, మోకాళ్ల నొప్పితో అక్కడి బల్ల మీద కూలబడి ఉండగా, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లల కోసం నడిపే బడి నుంచి ఒక పంతులమ్మ కొందరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చింది. ఒక్కొక్కరి మెడలో బొమ్మల అట్ట వేలాడుతున్నది. ఏ కిటికీ దగ్గర స్టాంపులు ఇస్తారో, ఏమని అడగాలో ఆమె ఓపికగా చెబుతుంటే వరుసలో నిలబడినవాళ్లు విసుక్కుంటున్నారు. మరో రోజైతే నేనూ వాళ్లతో గొంతు కలిపేదాన్నే, నా ఓపిక ఎంతటిదో నా దగ్గర చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ రోజు నారాయణపేట గుర్తుకొచ్చింది.

అటువంటి పిల్లలకూ బడి ఉంటుందని మన కాలంలో మనమెవరం విన్నాం? మంచివాళ్లు అమాయకురాలనేవారు, తక్కినవాళ్లు పిచ్చిదనేవారు, అంతటితో ఆ పిల్ల చదువు ముగిసేది. అరవైల మొదట్లో మర్రిగూడ దిక్కు నుంచి కొత్త ఉద్యోగానికని నారాయణపేట వచ్చిన నేను, ఆడపిల్లల బడికి దగ్గరగా ఉందని ఒక నేతవారి ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. భర్త పోయిన ఆ ఇంటావిడ నేను దిగిన వారానికే నాకు చిన్నమ్మ అయింది. మన దిక్కున ముఖపరిచయం కావడమే ఆలస్యం, వరస కలవడానికి ఎంతసేపు. ఆమెకు ఒక్కతే కూతురు, పెళ్లీడు పిల్ల, కానీ మనసు నాలుగైదేళ్ల దగ్గర ఆగిపోయింది.

నేతకు నూలు కండెలు చుట్టడంలో ఆ పిల్ల ఎవరికీ తీసిపోయేది కాదు, ఒక రంగుకు ఇంకో రంగు కలిపేది కాదు, పోగు తెగనిచ్చేది కాదు. గడప దాటితే మాత్రం ఎటు పోతున్నదో తనకే తెలియదు. నేను రాకముందు ఒకసారి అట్లాగే యాద్గీర్ బాట పట్టి పోతే, వాళ్ల పెదనాయిన, అంటే చిన్నమ్మ బావగారు, ఊళ్లకు ఊళ్లు తిరిగి వెతికి తెచ్చి, ఆనాటి నుంచి పిల్లను గుంట మగ్గం పక్కనున్న గుంజకు కట్టేయమన్నాడు. నడుము ఒరుసుకుపోకూడదని, నేతలో మిగిలిన రంగురంగుల నూలుపోగులు పేని ఆ తాడును చిన్నమ్మే మెత్తగా తయారుచేసింది. మొదటిరోజు చూసి అదేదో ఆట అనుకున్నాను. సంగతి చిన్నమ్మ చెబితే తెలిసింది.

వయసు పొగరుతో పెదనాయినతో కొట్లాటకే దిగాను. ఆయన కఠినుడు కాడు, ఆ పిల్లకు ముద్ద కలిపి పెట్టనిదే తాను తినని మనిషి. "కట్టేస్తే పాపమంటున్నవు పంతులమ్మా, ఇడిస్తే యాడికి పోతదో నువ్వు చెప్తవా?" అని నెమ్మదిగా అడిగాడు. చివరికి ఒక మాట ఇచ్చాడు. పిల్ల ఒక్కతే దవాఖానకు పోయి, తల్లి దగ్గుకు మందు తీసుకొని, ఒక్కతే ఇల్లు చేరిననాడు తాడు తీసేస్తానన్నాడు.

ఇక ప్రతి సాయంత్రం బడి విడిచాక ఆ పిల్ల చెయ్యి పట్టుకొని ఊరు నేర్పడమే నా పనైంది. బోర్డులు చూపి లాభం లేదు, అక్షరం రాదు. గోడలన్నీ ఆమెకు ఒకటే. మనుషులు మాత్రం గుర్తుండేవారు, అదీ వరస పెట్టి చెబితేనే. అందుకని నేనూ చిన్నమ్మా ఊరంతటికీ వరసలు కట్టాం. దవాఖాన అంటే మందిచ్చే మామ, పోస్టాఫీసు అంటే ముద్ర కొట్టే తాత, ఠాణా అంటే కానిస్టేబుల్ చిచ్చా, బడి అంటే అక్క, అంటే నేను. పాపం వాళ్లూ కాదనలేదు. చిచ్చా అయితే ఆమె కనబడగానే అధికారికి కొట్టినట్టు సలాం కొట్టేవాడు, ఆమె పడి పడి నవ్వేది. కాంపౌండరు మామ చేతికి సీసా ఇచ్చి, రంగునీళ్ల మందు పోయించుకొని, రెండు చేతులా పట్టుకొని నడవడం నెలల మీద వచ్చింది. మనమే సీసా కడిగి తీసుకుపోవలసిన రోజులు కదా అవి.

పెదనాయిన సరేనన్న రోజున ఆమెను ఒక్కదాన్నే పంపి నేను బడికి వెళ్లాను, ఏ పాఠం చెప్పానో నాకే తెలియదు. మధ్యాహ్నం దాటినా పిల్ల ఇల్లు చేరలేదని కబురొచ్చింది. దవాఖానకు పరుగెత్తితే తలుపులు మూసి ఉన్నాయి. పెదనాయిన మళ్లీ యాద్గీర్ బాటే అనుకొని అటు పరుగెత్తాడు, చిన్నమ్మ దగ్గుతూ వాకిట్లోనే కూలబడింది. పొద్దుగూకే వేళకు చిచ్చా ఆమెను తీసుకొచ్చాడు. జరిగిందేమంటే, మాకు తెలియకుండానే ఆ వారంలో మామకు బదిలీ అయింది. కుర్చీలో ఉన్న కొత్తాయన మర్యాదగానే అడిగాడట, ఆమె సీసాను ఓణీలో దాచుకొని మామ ఏడీ అన్నదే తప్ప ఇవ్వలేదు. వేళ దాటి దవాఖాన మూసేశాక, ఇదివరకు మామ వెంట పోయి ఎరిగిన, ఆయన ఇప్పుడు ఖాళీ చేసిన ఇంటికి పోయి, తాళం వేసిన తలుపు ముందు అప్పటిదాకా కూర్చుంది.

"పిల్ల తప్పిపోలే అన్నా, మందిచ్చే మామ కోసం కూసున్నది, గంతే" అని చిచ్చా ఎంతో చెప్పి చూశాడు.

పెదనాయిన ఆయాసం తీరాక, "సర్కారోళ్లు ఇయ్యాలుంటరు, రేపు పోతరు. ఎవల్ని నమ్మి ఇడవాలె?" అన్నాడు. మర్నాడు పొద్దున చిన్నమ్మ తన చేతులతోనే తాడు కట్టింది, నేను చూడలేక బడికి ముందే వెళ్లిపోయాను.

అయినా వదల్లేదు. ఈసారి మనుషులను పక్కనబెట్టి మెట్లు, గేటు రంగు, మందు వాసన, ఇట్లా మొదటినుంచి మొదలుపెట్టాను. కొత్తాయనకు సీసా అందించేదాకా వచ్చిందో లేదో, నాకే కొల్లాపూర్‌కు బదిలీ కాగితం వచ్చింది. జిల్లాకు ఈ కొసన నారాయణపేట, ఆ కొసన కొల్లాపూర్. పోతున్నానని ఆ పిల్లకు ఎట్లా చెప్పాలో తెలియక బడికి తీసుకుపోయి నా ఖాళీ కుర్చీ చూపించాను. ఆమె కిలకిల నవ్వి అందులో నన్నే కూర్చోబెట్టింది.

ఏడాది తిరిగాక, చీరల మూట భుజాన వేసుకొని కొల్లాపూర్ వచ్చిన నారాయణపేట నేతన్న ఒకాయన నన్ను గుర్తుపట్టి శుభవార్త చెబుతున్నట్టుగానే చెప్పాడు. "దానికిప్పుడు తాడు లేదు పంతులమ్మా. బడి గంట కొట్టంగనే పోయి మెట్ల మీద కూసుంటది. కొత్త పంతులమ్మ అక్కనని ఎంత చెప్పినా ఇనదు. బడి ఇడిసినంక ఇంటికొస్తది, ఇంకెటూ పోదు. పెదనాయిననే ఇప్పిండు."

సెలవుల్లో పోదామని బట్టలు సర్దుకున్నాను. ఒక్కసారి కనిపించి వెళ్లిపోతే బిడ్డ మళ్లీ మొదటికొస్తుంది, రావద్దని చిన్నమ్మే కబురు పంపింది. ఆ తర్వాత కొన్నేళ్లకు చిన్నమ్మ దగ్గుతోనే పోయింది. మగ్గం మీద పూట గడవక పెదనాయిన వాళ్లు చాలామందిలాగే షోలాపూర్ చేరారు. అక్కడ ఆ పిల్లకు ఊరు ఎవరు నేర్పారో, ఏ వరసలతో నేర్పారో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఏ ఆఫీసులో చూసినా మనిషి ముఖంతో పని లేదు. నంబరు ఇస్తారు, కిటికీ చూపిస్తారు, నిన్నటి మనిషి ఇవాళ లేకపోయినా మన పని అవుతుంది. అది మంచిదేనని ఒప్పుకుంటాను, కాకపోతే మామా అని పిలిచే నోళ్లు పోయాయని లోపల గుబులుగానే ఉంటుంది. నా ఉద్యోగంలో ఎన్ని ఊళ్లు మారానో, ఎక్కడా నేను లేనని బడి గంట ఆగలేదు. నా తర్వాత వచ్చినవాళ్లను కాదని నా కోసం కూర్చున్నది ఆ పిల్ల ఒక్కతే. దానికి నేను మురిసిపోవాలంటారు మావాళ్లు. నాకు మాత్రం, ఆమె నన్ను మరచిపోయి ఆ కొత్త పంతులమ్మనే అక్కా అని పిలిచి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.