నన్ను నేను సిఫార్సు చేసుకున్న ఉత్తరం

అతనికి గ్రాంట్ వచ్చిన రోజు ల్యాబ్‌లో కేక్ కోశారు. నేను రెండు ముక్కలు తిన్నాను. కడుపుమంట బయటపడకుండా ఉండాలంటే నోట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. అందరికంటే ముందు "కంగ్రాట్స్" చెప్పింది కూడా నేనే. ముందే చెప్పేస్తే ఆ పని వదిలిపోతుందని.

అదే రోజు పొద్దున నాకూ ఒక ఈమెయిల్ వచ్చింది. అదే గ్రాంట్‌కి నేనూ అప్లై చేశాను. నాకు రాలేదు. కేక్ తింటున్నవాళ్ళలో, రాలేదన్న సంగతి తెలిసింది నాకు, మా ప్రొఫెసర్‌కి మాత్రమే. ఆయన ప్లేటు పట్టుకుని నా వైపు చూసి, వెంటనే కిటికీ వైపు చూశాడు. ఆ జాలి చూపు కన్నా కేక్ నయమనిపించింది.

ఇద్దరం న్యూజెర్సీలో ఒకే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌లం. అంటే పీహెచ్‌డీ అయిపోయి, సొంత ల్యాబ్ దొరికేదాకా ఇంకొకరి ల్యాబ్‌లో పనిచేసే వాళ్ళం. నాది గుంటూరు వైపు, అతనిది కరీంనగర్ వైపు. నాకన్నా రెండేళ్ళు వెనక వచ్చాడు. వచ్చిన రోజునే నన్ను అక్కా అన్నాడు. వేలెడంత కూడా లేని చారల చేపలతో మా పని. వాటి గుండెలో చిన్న ముక్క కోసేస్తే మళ్ళీ పెరుగుతుంది. అది ఎలా పెరుగుతుందన్నదే మా ప్రశ్న. ఆ చేపల గుడ్లు ఎలా ఏరాలో, ఏ గుడ్డు బతుకుతుందో చూడగానే ఎలా పోల్చాలో అతనికి నేర్పింది నేనే. ఇది నేను మర్చిపోలేదు. అతనూ మర్చిపోలేదు, ఎవరైనా అడిగితే "అక్కనే నేర్పింది" అంటాడు. అలా అనడం కూడా నాకు మండేది.

ఆ గ్రాంట్ మా లోకంలో మామూలు గ్రాంట్ కాదు. రెండేళ్ళు ప్రొఫెసర్ దగ్గరే ఉండి పని చేసుకోవచ్చు. ఆ తర్వాత ఎక్కడైనా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఇంకో మూడేళ్ళు మన ల్యాబ్ మనం నడుపుకోవడానికి ఇస్తారు. యూనివర్సిటీలు అది ఉన్నవాళ్ళ అప్లికేషన్లే ముందు తెరుస్తాయి. అన్నిటికీ మించి, దానికి గ్రీన్ కార్డ్ అక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్ళకి అలాంటివి ఎన్నో లేవు. కానీ పీహెచ్‌డీ చేతికొచ్చిన నాలుగేళ్ళలోపే అప్లై చేయాలి. రాకపోతే సవరించి ఒక్కసారి మళ్ళీ పంపుకోవచ్చు, అంతే. నాకు నాలుగో ఏడు నడుస్తోంది. అతనికి ఇంకా రెండేళ్ళు ఉంది. తొందరేముందయ్యా నీకు, ఆగొచ్చు కదా అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో.

మా ఆయన సాఫ్ట్‌వేర్. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ చుట్టూ ఉన్నవాళ్ళు సాఫ్ట్‌వేర్ కాకపోతే ఫార్మా. "ఇది రాకపోతే నువ్వూ ఏదో ఒక ఫార్మాలో చేరిపో, మనశ్శాంతిగా ఉంటుంది" అని ఆయన ఎప్పుడో చెప్పాడు. నేను సరే అన్నాను. సరే అన్నానే గానీ, నాకు కావలసింది నా పేరు రాసిన ల్యాబ్ తలుపు. ఇంకొకరి ప్రశ్నకి జవాబు వెతకడం చాలించి నా ప్రశ్న నేను అడగాలని. దానికి దారి ఇదొక్కటే మిగిలింది.

ఇప్పుడు ఉత్తరం సంగతి చెప్పాలి. ఈ గ్రాంట్‌కి ప్రొఫెసర్ సిఫార్సు ఉత్తరం ఉండాలి. ఇక్కడ చాలా ల్యాబుల్లో ఉన్న అలవాటు ఏమిటంటే, ఆ ఉత్తరం మనల్నే రాసి తెమ్మంటారు. మన గురించి మనమే, ప్రొఫెసర్ గొంతుతో. "నాకు ఈమె మూడేళ్ళుగా తెలుసు" అని మనమే మొదలుపెట్టాలి. ఆయన చూసుకుని, కావలసింది కలిపి, సంతకం పెడతాడు. పైకి ఎవరూ ఒప్పుకోరు గానీ అందరికీ తెలిసిన పద్ధతే.

నేను రాశాను. కష్టపడి పనిచేస్తుంది, నమ్మదగిన మనిషి, చిన్న విషయాల్లో కూడా శ్రద్ధ చూపిస్తుంది, తోటివాళ్ళకి సాయపడుతుంది. ఒక పేజీ. మన గురించి మనమే అంతకన్నా ఎలా రాసుకుంటాం? మిగతాది ఆయన కలుపుతాడు కదా అనుకున్నాను. మా ఇళ్ళల్లో భోజనానికి పిలిస్తే చుట్టం "చాలు, చాలు" అంటూ చెయ్యి అడ్డం పెట్టాలి, పెట్టేవాళ్ళు ఆ చేతిని తోసి ఇంకో గరిటె వెయ్యాలి. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

అప్పట్లో మేమిద్దరం ఒకరి డ్రాఫ్టులు ఒకరం చూసుకునేవాళ్ళం. నా ఉత్తరం చదివి అతను తలెత్తి, "గింతేనా అక్కా?" అన్నాడు.

"ఇంకేం కావాలి? మిగతాది ఆయన చూసుకుంటాడులే" అన్నాను.

అతను తన ఉత్తరం ఇచ్చాడు. రెండు పేజీలు. 'ఇన్నేళ్ళలో నా ల్యాబ్‌కి వచ్చినవాళ్ళలో ఇంత సొంత ఆలోచన ఉన్నవాణ్ణి చూడలేదు' అని ప్రొఫెసర్ చేత అనిపించాడు. ఏ ప్రయోగం తన ఊహో, అది ఎందుకు ముఖ్యమో, అయిదేళ్ళ తర్వాత తన ల్యాబ్ ఏ పని చేస్తుందో అన్నీ రాశాడు. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. సిగ్గు లేకపోతే సరి అనుకున్నాను. నిజానికి అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నాకు అదే గుచ్చుకుంది.

"ఇంత పొగుడుకుంటే కమిటీలో నవ్వుతారయ్యా. కొంచెం తగ్గించు. ఆ సొంత ఆలోచన అన్న మాట తీసెయ్" అన్నాను, పెద్దరికం ఒలకబోస్తూ.

"సరే అక్కా, చూస్త" అన్నాడు. ఒక్క అక్షరం తగ్గించలేదు.

కేక్ తర్వాత నెలన్నర నేను మనిషిలా లేను. డిపార్ట్‌మెంట్ న్యూస్‌లెటర్‌లో అతని ఫోటో వేశారు. మైక్రోస్కోప్ పక్కన నిలబడ్డాడు. ఆ మైక్రోస్కోప్ సరిగ్గా పనిచేయకపోతే రెండు వారాలు దానితో కుస్తీ పట్టింది నేను. బయటి నుంచి ఎవరైనా పెద్ద సైంటిస్ట్ లెక్చర్‌కి వస్తే లంచ్‌కి అతన్ని పక్కన కూర్చోబెట్టేవారు. ప్రొఫెసర్ అతని టేబుల్ దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో, నా దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో గడియారం చూసేదాన్ని. రోజూ కాఫీ తాగుతూ అతని పేపర్ని కొత్తగా ఎవరైనా ఉదహరించారేమో ఆన్‌లైన్‌లో వెతికేదాన్ని. ఆ లెక్క పెరిగితే ఆ రోజు పాడు. పెరగకపోతే నా బుద్ధి ఇలా అయిందేమిటని ఆ రోజూ పాడు.

ఒక శనివారం మా ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి అతను కూడా వచ్చాడు. వాళ్ళమ్మ పంపిన సకినాలు తెచ్చాడు. అవి బాగుండటం కూడా నాకు నచ్చలేదు. అతను వెళ్ళాక మా ఏడేళ్ళ పాప, "అమ్మా, నువ్వు ఆ అంకుల్‌తో ఎందుకు మ్యాడ్‌గా ఉన్నావ్?" అంది. లేదే అన్నాను. "నువ్వు స్మైల్ చేశావ్, బట్ టీత్‌తో" అంది. మా ఆయన ప్లేట్లు కడుగుతూ నవ్వాడు. ఆయన మీద అరిచాను.

తర్వాత కమిటీ వాళ్ళ వ్యాఖ్యలు వచ్చాయి. ముగ్గురు పరిశీలకులు. సైన్స్ బాగుందని ఇద్దరు మెచ్చుకున్నారు. మూడో మనిషి రాసింది మాత్రం ఇదీ. 'ప్రొఫెసర్ ఉత్తరం మర్యాదగా ఉంది, ఉత్సాహం మాత్రం లేదు. ఈమె సొంతంగా ల్యాబ్ నడపగలదన్న నమ్మకం ఆయనకే ఉన్నట్టు కనిపించదు.'

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. ప్రొఫెసర్ అతని రెండు పేజీల మీద ఇంకా కలిపే ఉంటాడు, నాకు మాత్రం చేతులు దులుపుకున్నాడు. నేను వట్టి పనిమనిషిని, అతను వారసుడు. ఆ కాగితం ప్రింట్ తీసి, ఆయన గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళాను.

ఆయన చదివాడు. చాలా బాధపడ్డాడు, అది నటన కాదు. తర్వాత కంప్యూటర్‌లో నా ఉత్తరం తెరిచి స్క్రీన్ నా వైపు తిప్పాడు. కష్టపడి పనిచేస్తుంది. నమ్మదగిన మనిషి. చిన్న విషయాల్లో కూడా శ్రద్ధ.

"నువ్వు పంపిందే సంతకం పెట్టాను. ఒక్క కామా కూడా ముట్టుకోలేదు" అన్నాడు.

"మీరు కలుపుతారనుకున్నాను."

"ఎందుకు కలుపుతాను? నిన్ను నువ్వు ఎలా చూపించుకోవాలో నీకే బాగా తెలుస్తుందనుకున్నాను."

అతని ఉత్తరం కూడా అంతేనా అని అడిగాను. అంతే, అన్నాడు. ఆయన పుట్టి పెరిగిన చోట చాలు అంటే చాలనే అర్థం. ఇంకో గరిటె వేయడం అవతలి మనిషిని అవమానించడం. నేను పళ్ళు నూరుకున్న ఆ చప్పిడి ఉత్తరం, నా మీద నమ్మకం లేని ఆ ఉత్తరం, మొదటి అక్షరం నుంచి చివరిదాకా నాదే.

"మళ్ళీ పంపుదాం. ఈసారి కూడా డ్రాఫ్ట్ నువ్వే రాయి. బాగా రాయి" అన్నాడాయన.

బాగా రాయడం అంత తేలికైతే మొదటిసారే రాసేదాన్ని. మూడు రోజులు లంచ్ టైమ్‌లో ఖాళీ ఫైల్ ముందు కూర్చున్నాను. 'అసాధారణమైన' అని టైప్ చేయడం, చెరిపేయడం. మూడో రోజు అతను పక్క టేబుల్ నుంచి చూస్తున్నాడు.

"నేను రాయాల్నా అక్కా?" అన్నాడు.

వద్దనాలి. అనలేదు. వీడేం రాస్తాడో చూద్దాం, గెలిచినవాడి దానం ఎంత ఉంటుందో చూద్దాం అన్న కుళ్ళు కూడా అందులో ఉంది. సోమవారానికి పంపించాడు.

మూడు పేజీలు. కిందటి ఏడు నవంబరులో ల్యాబ్ మొత్తం ప్రయోగాలు తప్పుతుంటే, అందరూ మందుల్ని, చేపల్ని తిట్టుకుంటుంటే, ఈమె ఒక్కతే అయిదు వారాలు చేపల గదిలో కూర్చుందని రాశాడు. ఆ నెలలో, ఇక్కడ ఏటా చలికాలం ముందు చేసే పనే, దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంది. చేపల గది లైట్ల టైమర్‌ని మాత్రం ఎవరూ తిప్పలేదు. చేపలు వెలుతురు రాగానే గుడ్లు పెడతాయి. మేం లెక్కేసుకున్న దానికన్నా ప్రతి గుడ్డూ గంట ముసలిది. ఆ గంటను ఈమె పట్టుకుంది. ఆ తర్వాత ఈ ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతి ఫలితం, నాదీ అతనిదీ అందరిదీ, ఆ గంట మీద నిలబడి ఉంది. అలాంటివి ఇంకా నాలుగు. నేను వీటన్నిటినీ కలిపి 'చిన్న విషయాల్లో కూడా శ్రద్ధ' అని రాసుకున్నాను.

చదువుతుంటే నాకు ఆ ఉత్తరంలో ఉన్న ఆవిడ మీద పట్టరాని అసూయ కలిగింది. ఇలాంటి మనిషి పక్క ల్యాబ్‌లో ఉందని తెలిస్తే నేను బతకనిచ్చేదాన్ని కాదు. అలవాటుగా చెయ్యి పోయింది. మొదటి పేరాలో 'అసాధారణమైన' తీసేసి 'మంచి' అని పెట్టాను. అతను నా వెనకే నిలబడి ఉన్నాడని చూసుకోలేదు.

సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఏదో ఒకటి అనాలి. "ఒక మాట చెప్పాలయ్యా. పోయినసారి నీ లెటర్ తగ్గించమన్నాను చూడు. అది సలహా కాదు, కుళ్ళు" అన్నాను.

"నాకెరుకే అక్కా" అన్నాడు మామూలుగా. "అందుకే తగ్గించలే."

"తెలిసీ నాకెందుకు రాసిపెట్టావు?"

అతను స్క్రీన్ మీద నేను మార్చిన మాట వైపు చూశాడు. "నా లెటర్‌ల మీరు ఒక్క మాట తియ్యమన్నరు. మీ లెటర్‌ల మిమ్మల్నే తీసేస్కున్నరు. నా మీద కన్నా మీకు మీ మీదనే కుళ్ళెక్కువ అనిపిచ్చింది" అని, చేపలకి మేత వేసే టైమ్ అయిందని వెళ్ళిపోయాడు.

ఆ ముక్క నేను ఎందుకు అనుకోలేకపోయానని, అది కూడా అతనికే ఎందుకు తోచిందని మళ్ళీ మండింది. 'మంచి' తీసేశాను. 'అసాధారణమైన' అని టైప్ చేస్తే రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి సరిగ్గా పడ్డాక, ఇంకెక్కడా చెయ్యి పెట్టకుండా ప్రొఫెసర్‌కి పంపాను.