పావు మిల్లీమీటరు పరాక్రమం

అరచేతిలో ఇమిడే రేకు ముక్కలతో, గుర్రంలా ఉరికే కారును ఒక్క పూటలో రాతి నందిలా కూర్చోబెట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత వచ్చేవి కాసేపు నవ్వొచ్చే ఘట్టాలు కావు. కనీసం ఆవేళ నాకు రాలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని లోకమంతా వణుకుతున్న రోజులవి. ఇంజనీరింగులో ఏ బ్రాంచి చదివినా, నదులన్నీ సముద్రంలో కలిసినట్టు చివరికి కోబాల్ ప్రోగ్రామింగులో తేలేవాళ్లం. నేనూ కాకినాడలో మెకానికల్ చదివి, సింగపూర్‌లో తేలి, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు ప్రోగ్రాములు దిద్దుకుంటూ బతికేవాణ్ణి.

మా టీం లీడర్ నరసింహన్నది కరీంనగర్. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న చెల్లెలు వసంతితో కలిసి హౌగాంగ్‌లో ఉండేవాడు. అన్నకు పెళ్లి కాలేదు, కారు అయింది. టర్బో ఇంజనున్న పాత జపాన్ కారు. కాజ్‌వే వంతెన అవతల, మలేషియా జొహోర్‌లోని రేస్ ట్రాక్ మీద దాన్ని ఒక్కసారి మనసుదీరా తోలాలని ఆయన కల. ఎన్నాళ్లో ఎదురుచూస్తే ఒక ఆదివారం ఆ అవకాశం వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే ఇంజను లోపల్నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది.

"రాడ్ బేరింగులు పోయినయ్. మనోడేమో ఊరికి పోయిండు," అన్నాడు అన్న, మెకానిక్కును తలుచుకుని. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. "మధూ, నువ్వు మెకానికల్ గదర?"

సరిగ్గా అప్పుడే వసంతి టీ కప్పు నా చేతికిస్తోంది. ఇవ్వకపోయి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో.

"ఇంజన్లంటే నాకు ఆటబొమ్మలన్నా!" అన్నాను.

నిజానికి కాలేజీ లాబ్‌లో సగానికి కోసిపెట్టిన ఇంజనొకటి ఉండేది. దాన్ని ముట్టుకోబోతే అటెండరు చేతిమీద కొట్టాడు. ఇంజన్లతో నాకున్న అనుబంధం అంతే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. చెప్పేవాడు మెకానికల్ అయితే వినేవాడు ఏకంగా కారు తాళాలే ఇచ్చేస్తాడు.

శనివారం పొద్దున్నే చోవా చూ కాంగ్ వైపు లియాంగ్ అంకుల్ షెడ్డుకు వెళ్లాం. ఆయన స్పేరు పార్టులు అమ్ముతాడు, చోటూ పనిముట్లూ అద్దెకిస్తాడు. కారు పైకెత్తి, అడుగునున్న ఆయిల్ తొట్టి విప్పి, నేను కిందికి దూరాను.

రాడ్ బేరింగులంటే పెద్ద మాయేం కాదు. పిస్టన్ కడ్డీ వెళ్లి క్రాంకు అనే తిరిగే ఇరుసును పట్టుకునే చోట, అర చందమామల్లాంటి రెండేసి రేకులు. పాతవి పీకాను, అరిగిపోయి ఉన్నాయి. క్రాంకును గుడ్డతో అద్దంలా తుడిచి, కొత్తవి ఎంచడానికి కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"స్టాండర్డ్ ఆర్ పాయింట్ టూ ఫైవ్?" అన్నాడు అంకుల్.

"తేడా ఏంటంకుల్?"

"పాయింట్ టూ ఫైవ్ థిక్ లా. క్రాంక్ గ్రైండ్ ఆల్రెడీ?"

గ్రైండ్ అంటే క్రాంకును మెషీన్ మీద పావు మిల్లీమీటరు అరగదీయడం. సన్నబడిన క్రాంకుకే మందపు రేకులు వేస్తారు. ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నేను గుడ్డతో రుద్దిన రుద్దుడే గుర్తొచ్చింది.

"ఆల్రెడీ అంకుల్! తళతళా మెరుస్తోంది!"

పైగా నా బుర్రకు అది మహా సబబుగా తోచింది. పాతవి అరిగి వదులయ్యాయి, కనుక మందమైనవి వేస్తే బిగుతవుతుంది. నేను పట్టిన బేరింగుకు మూడే కాళ్లు. అవే కొన్నాను.

మొదటి కడ్డీ బిగించి క్రాంకును తిప్పితే కాస్త మొరాయించింది. అన్నీ బిగించేసరికి అసలు కదల్లేదు.

"తిరుగుతలేదు గదర?" అన్నాడు అన్న.

"కొత్త చెప్పు కరవదా అన్నా? అదే సర్దుకుంటుంది."

ఆయన పానాకు పొడుగాటి పైపు తొడిగి, ఒళ్లంతా వేసి లాగాడు. క్రాంకు వెంట్రుకవాసి జరిగి కీచుమంది. నా గుండె కూడా. అన్న నా ముఖంలోకి చూశాడు. నేను గబగబా ఆయిల్ తొట్టి బిగించడం మొదలుపెట్టాను. కళ్లకు కనబడకపోతే తప్పు లేనట్టే కదా!

ఆయిల్ నింపి కారు కిందికి దించి తాళం తిప్పితే, స్టార్టరు ఒక్క మూలుగు మూలిగి పొగ వదిలింది. అదే సమయానికి వసంతి పులిహోర డబ్బాతో వచ్చింది. పళ్లెంలో పడున్న పాత రేకు తీసి వెనక్కి తిప్పి చూసింది.

"మధు గారూ, దీని మీద ఎస్‌టీడీ అని ఉంది. కొత్తవాటి మీద కూడా అదే ఉందా?"

నాకు తెలిసిన ఎస్‌టీడీ పసుపు బోర్డు టెలిఫోన్ బూత్ ఒక్కటే. "అది కంపెనీ గుర్తండీ," అన్నాను. స్టాండర్డ్ సైజుకు అది పొట్టిపేరని తర్వాత తెలిసింది.

"కొత్తవి మందం అని అంకుల్ చెప్పిండ్రు. మరి రేకుకు, క్రాంకుకు నడిమిట్ల ఆయిల్ ఏడ నిలవడ్తది?"

జవాబు లేనివాడికి గొంతు పెద్దది.

"అన్నా, తోసి స్టార్ట్ చేద్దాం!"

"మధూ, పక్కాగా చెప్పు. రేపు పొద్దుగాల కాజ్‌వే దాటాలె."

"నాది పూచీ!"

అన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. షెడ్డు ముందు రోడ్డు పల్లంగా ఉంది. నేను వెనకనుంచి తోశాను. కారు వేగం అందుకుంది. నేనూ వెంట పరుగెత్తాను. "వదలండన్నా!" అని అరిచాను. అన్న క్లచ్ వదిలాడు.

టైర్లు కెవ్వుమన్నాయి. కారు నిలువునా ఆగిపోయింది. నేను ఆగలేదు. డిక్కీ మీదుగా జారి వెనక అద్దానికి బల్లిలా అతుక్కున్నాను. అద్దంలోంచి అన్న, నేను ముఖాముఖీ చూసుకున్నాం. కాలిన ఇనుము వాసన మెల్లగా తేలింది.

లియాంగ్ అంకుల్ మళ్లీ తొట్టి విప్పి, టార్చి వేసి చూసి తల ఊపాడు. క్రాంకు మీద పిల్లి రక్కినట్టు గీతలు. అన్న డ్రమ్ము మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రేపు పోయింది గదర," అన్నాడు నెమ్మదిగా. చేతి గ్రీజు తుడుచుకుంటూ, "గింతకు ముందు ఎన్ని ఇంజన్లు విప్పినవ్?"

"ఇదే మొదటిదన్నా."

ఆ ఆదివారం అన్న హౌగాంగ్ ఫ్లాటులో ముసుగుతన్ని పడుకుంటే, నేను గడప బయట చెప్పుల పక్కన కూర్చున్నాను. లోపలికి రమ్మన్నది వసంతే.

తర్వాత క్రాంకును బయటికి తీసి, గీతలు పోయేలా గ్రైండ్ చేయించాల్సి వచ్చింది. ఎంత? సరిగ్గా పావు మిల్లీమీటరు! లియాంగ్ అంకుల్ నేనెంచిన సైజు బేరింగులే కొత్త సెట్టు తెచ్చి, "నౌ కరెక్ట్ లా!" అన్నాడు. అంటే నా ఎంపికలో దోషం లేదు, క్రాంకే కాస్త ఆలస్యంగా దారికొచ్చింది. ఈ మాట పైకి అనేశాను కూడా. అన్న నన్ను కొట్టడానికి లేచి, మధ్యలో నవ్వాపుకోలేక మళ్లీ కూర్చున్నాడు. ఇంకో ఆదివారం ట్రాక్ మీద ఆయన కారు ఈల వేసుకుంటూ తిరిగింది. నన్ను మాత్రం బానెట్టుకు ఆమడ దూరంలో నిలబెట్టారు.

ఏ పుణ్యమో, వసంతి నన్నే చేసుకుంటానంది. పెళ్లిలో పురోహితుడు ప్రమాణాలు చెప్పిస్తుంటే ఒక్కొక్కటీ బుద్ధిగా అంటున్నాను. మధ్యలో వసంతి మోచేత్తో పొడిచి, "ఇంకోటుంది, అది కూడ అనుండ్రి," అంది. పురోహితుడు బిత్తరపోయి చూస్తుండగా, అగ్నిసాక్షిగా, గొంతు సవరించుకుని అన్నాను:

"ధర్మేచ, అర్థేచ, కామేచ, ఇంజనేచ... నాతిచరామి!"